అబ్డక్షన్ అంటే కిడ్నాపేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో కోర్టుకి నడిచి వెళ్లేంత దూరంలో నాకొక డీటీపీ షాపు ఉంది. టైపింగు, జిరాక్సులతో పాటు ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేసిపెడుతుంటాను. ఒక్క మాట గురించి మాత్రం మూడు రకాల మనుషులు వస్తారు. ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్లు, ఫిజియోథెరపీ చీటీ పట్టుకుని భుజం నొక్కుకుంటూ వచ్చేవాళ్లు, నెట్ (లెక్చరర్ల అర్హత) పరీక్ష గైడు పట్టుకుని విసుగ్గా వచ్చేవాళ్లు. ముగ్గురి వేలూ ఒకే మాట మీద ఉంటుంది: అబ్డక్షన్. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాసిపెట్టాను. ఎవరికి కావలసిన చోటు నుంచి వాళ్లు చదువుకోవచ్చు. నేను లాయర్నీ కాదు, డాక్టర్నీ కాదు. కేసుంటే లాయరుకీ, నొప్పుంటే డాక్టరుకీ చూపించుకోండి.

## మాట మొదటిసారి ఎదురైనప్పుడు

అబ్డక్షన్ అంటే కిడ్నాపేగా, ఇంకేముంది?

సినిమాల వరకు అంతే. కాగితాల్లో అలా కాదు. లాటిన్‌లో "అబ్" అంటే దూరంగా, "డూకెరె" అంటే నడిపించడం, తీసుకెళ్లడం. రెండూ కలిస్తే "దూరంగా తీసుకెళ్లడం". ఎవరిని, దేన్నుంచి దూరంగా అన్నది కాగితాన్ని బట్టి మారుతుంది. పోలీసు కాగితంలో మనిషిని ఉన్న చోటు నుంచి, డాక్టరు కాగితంలో చెయ్యినో కాలినో ఒంటి మధ్య గీత నుంచి. తర్కం పుస్తకంలో మాత్రం మనసే కంటికి కనిపించిన సంగతి నుంచి కనిపించని కారణం వైపు వెళ్తుంది. జీతంలో కోసుకునే టీడీఎస్‌లోని డిడక్షన్ కూడా ఈ "డూకెరె" ఇంటిదే.

దీనికి తెలుగులో సరిపోయే ఒక్క మాట లేదా?

అన్నిటికీ కలిపి ఒక్క మాట లేదు. నేరానికైతే "అపహరణ" బాగా కుదురుతుంది. మాటల్లో అయితే "ఎత్తుకుపోవడం". అపహరణలోని "అప", లాటిన్ "అబ్" ఒకే పాత మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రం చెబుతుంది. అక్షరాలా మాటకు మాట పెట్టాలంటే మాత్రం "అపనయనం" అనాలి. అప అంటే దూరంగా, నయనం అంటే తీసుకెళ్లడం. ఈ మాట నోట్లో తిరగదు గానీ దీని జోడీ మాత్రం అందరికీ తెలుసు: ఉపనయనం. ఉప అంటే దగ్గరికి. పిల్లవాణ్ణి గురువు దగ్గరికి తీసుకెళ్లడం. ఒక శాస్త్రులుగారి అబ్బాయికి, ఫిజియోథెరపీ చదువుతున్నాడు, ఇది చెప్పాను. "అయితే నాకు ఎనిమిదో ఏట అడక్షన్ చేశారన్నమాట" అన్నాడు. అడక్షన్ అంటే దగ్గరికి తేవడం కాబట్టి వాడన్నది సరిగ్గా సరిపోయింది.

పేపర్లో "బంగారు గొలుసు అపహరణ" అని వేస్తారు. అదీ అబ్డక్షనేనా?

కాదు. అది దొంగతనం. తెలుగులో అపహరణ మనుషులకీ వస్తువులకీ వాడతాం. ఇంగ్లీషులో అబ్డక్షన్ మనిషికే. గొలుసు పోయిన ఫిర్యాదును ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అపహరణ కనిపించింది కదా అని అబ్డక్షన్ అని కొట్టకండి.

కిడ్నాప్ అనే మాట ఎక్కడ పుట్టింది?

పదిహేడో శతాబ్దం ఇంగ్లండులో. కిడ్ అంటే పిల్లవాడు, నాప్ అంటే లాక్కుపోవడం. అమెరికా వలసల్లో పనికి పెట్టడానికి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లను అలా పిలిచారు. తర్వాత పెద్దవాళ్లకీ ఆ మాటే అంటుకుంది. విమానాన్నో బస్సునో బలవంతంగా మళ్లిస్తే అది హైజాక్.

## స్టేషన్లో, కోర్టులో

చట్టంలో కిడ్నాప్ వేరు, అబ్డక్షన్ వేరు అంటున్నారు. తేడా ఎక్కడ?

నేరాలకి ఇప్పుడున్న చట్టం భారతీయ న్యాయ సంహిత. అందులో 137వ సెక్షన్ కిడ్నాప్, 138 అబ్డక్షన్. కిడ్నాప్ రెండు రకాలు: మనిషిని ఒప్పుకోలు లేకుండా దేశం దాటించడం, లేదా సంరక్షకుల దగ్గర నుంచి తీసుకుపోవడం. ఎక్కువ కేసులు రెండో రకానివే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని గానీ, మతిస్థిమితం లేనివాళ్లని గానీ సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకుపోతే, ఆశపెట్టి తీసుకుపోయినా సరే, కిడ్నాప్. బలప్రయోగం అక్కర్లేదు. పిల్లవాడు నవ్వుకుంటూ బండెక్కినా వాడి ఒప్పుకోలు చెల్లదు.

అబ్డక్షన్‌కి వయసుతో పనిలేదు. అరవై ఏళ్లాయన్ని కూడా అబ్డక్ట్ చేయొచ్చు. అక్కడ చూసేది ఎలా తీసుకెళ్లారన్నది: బలవంతంగానా, మోసపు మాటలు చెప్పా? ఆ రెండూ లేకుండా పెద్దమనిషి తన ఇష్టంతో వెళితే అది అబ్డక్షన్ కాదు.

ఇంకో తేడా లాయర్లు బాగా వాడుకుంటారు. సంరక్షకుల చేతిలోంచి బిడ్డ దాటిపోయిన క్షణంతో కిడ్నాప్ పూర్తయిపోతుంది. అబ్డక్షన్ అలా కాదు, మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిప్పుతున్నంతసేపూ నేరం సాగుతూనే ఉంటుంది. నెల్లూరులో కారెక్కించి ఒంగోలు మీదుగా విజయవాడ తీసుకెళితే దారి పొడవునా నేరం జరుగుతూనే ఉన్నట్టు.

పాత కేసులో 363 అనీ, కొత్త ఎఫ్ఐఆర్‌లో 137 అనీ ఉంది. టైపింగు తప్పా?

తప్పు కాదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత సెక్షన్లు, తర్వాతి దానికి కొత్తవి. కిడ్నాప్‌కి శిక్ష పాత 363లో ఉండేది, ఇప్పుడు 137లోనే రెండో భాగం. అబ్డక్షన్ నిర్వచనం పాత 362, ఇప్పుడు 138. ఇది నంబర్ల మార్పు మాత్రమే కాదు. పాత చట్టంలో మగపిల్లలకి 16, ఆడపిల్లలకి 18 అని వేరు వేరు వయసులు ఉండేవి. ఇప్పుడు ఇద్దరికీ 18.

అబ్డక్షన్ రుజువైతే ఎన్నేళ్లు?

ఒట్టి అబ్డక్షన్‌కి శిక్ష లేదు! నేనూ మొదట నమ్మలేదు. 138 సెక్షన్ అబ్డక్షన్ అంటే ఏమిటో చెబుతుంది, అంతే. ఎందుకు ఎత్తుకెళ్లారన్న దాన్ని బట్టి శిక్ష. డబ్బు కోసం బెదిరిస్తే 140లోని రెండో భాగం కింద యావజ్జీవం, ఉరి కూడా పడొచ్చు. రహస్యంగా బంధించాలని అయితే ఏడేళ్ల వరకు. ఇష్టం లేని పెళ్లి చేయడానికి ఆడమనిషిని ఎత్తుకెళితే 87 కింద పదేళ్ల వరకు. కిడ్నాప్ మాత్రం దానికదే నేరం, ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. అందుకే చార్జిషీటులో "ఏ ఉద్దేశంతో" అన్న లైను వెతుక్కుని మరీ చదవాలి.

మా అమ్మాయి ఇష్టపడే వెళ్లిపోయింది. అబ్బాయి మీద కిడ్నాప్ కేసు నిలుస్తుందా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు సాయంత్రం షాపు కట్టేసే వేళకి వస్తారు, గొంతు తగ్గించి. అమ్మాయికి పద్దెనిమిది నిండితే, బలవంతం గానీ మోసం గానీ లేకపోతే, కిడ్నాపూ కాదు, అబ్డక్షనూ కాదు. కోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేసినా జడ్జి అమ్మాయినే అడుగుతారు, ఎవరితో వెళతావని. ఆమె చెప్పిందే చెల్లుతుంది.

పద్దెనిమిది నిండకపోతే సంగతి వేరు. ఆమె ఇష్టం చట్టం ముందు చెల్లదు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కూడా తోడయ్యే అవకాశం ఉంది. అయినా కిడ్నాప్ దానంతటదే రుజువైపోదు. మద్రాసు నుంచి వచ్చిన వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: అబ్బాయి ఆమెను "తీసుకుపోవడం" వేరు, మంచీచెడూ తెలిసిన వయసులో ఆమే ఇల్లు వదిలి వస్తే వెంట ఉండనివ్వడం వేరు. పుట్టినతేదీ విషయంలో ఒక మాట. బడి రికార్డులో ఒకటి, ఇంట్లో చెప్పేది ఒకటి ఉండటం మనవైపు కొత్త కాదు. కేసు మొత్తం ఆ కాగితం మీదే తిరుగుతుంది.

పిల్లోడు కనపడకపోతే 24 గంటలు ఆగి కంప్లయింట్ ఇవ్వాలంట కదా?

ఆ రూలు ఎక్కడా లేదు. వెంటనే 112కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా రాసుకుని, కిడ్నాపో అక్రమ రవాణానో అయి ఉంటుందనే అనుకుని మొదలుపెట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా పరిధి కాదు" అన్నా వదలకండి, జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా కడతారు. ఈ మధ్యే దిగిన ఫోటో, ఒంటిమీది బట్టల రంగు సిద్ధంగా పెట్టుకోండి. ఒకాయన బిడ్డ ఫోటో కోసం పెళ్లి ఆల్బం మొత్తం మోసుకొచ్చాడు, అందులో బిడ్డకి మూడేళ్లు, తప్పిపోయేనాటికి తొమ్మిది.

అమెరికాలో ఉన్న మా కోడలు పిల్లాణ్ణి తీసుకుని ఇండియాకి వచ్చేసింది. అక్కడ చైల్డ్ అబ్డక్షన్ అంటున్నారు. కన్నతల్లి ఎత్తుకుపోవడం ఏంది?

నెల్లూరు, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు పెరిగాక ఈ ప్రశ్న కూడా మా షాపు మెట్లెక్కింది. అక్కడి లెక్కలో బిడ్డ మీద తల్లికీ తండ్రికీ ఇద్దరికీ హక్కు. ఒకరి హక్కుకి అడ్డం పడాలని రెండోవాళ్లు బిడ్డను దేశం దాటిస్తే దాన్ని తల్లిదండ్రులు చేసే అబ్డక్షన్ అంటారు. అమెరికాలో 1993 నాటి చట్టం కింద అది మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

దేశాల మధ్య పిల్లల్ని వెనక్కి పంపడానికి 1980లో హేగ్ ఒప్పందం రాసుకున్నారు. భారత్ అందులో చేరలేదు. కాబట్టి అక్కడి కోర్టు ఆర్డరు తెచ్చి చూపించినంత మాత్రాన ఇక్కడ బిడ్డను అప్పగించరు. ఇక్కడి కోర్టు బిడ్డకు ఏది మంచిదని మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముందని చెప్పింది. అలాగని ఇక్కడికి వచ్చేస్తే గొడవ తీరిందనుకోకూడదు. అక్కడి వారెంటు అలాగే ఉంటుంది, తిరిగి అమెరికాలో దిగిన రోజు అది తగులుకుంటుంది.

రావణుడి మీద ఏ సెక్షన్ పడుతుంది?

లా కాలేజీ పిల్లలు టీ తాగుతూ అడిగారు. వాల్మీకంలో రావణుడు సన్యాసి వేషంలో వస్తాడు, తర్వాత బలవంతంగా ఎత్తుకుపోతాడు. అబ్డక్షన్‌కి కావలసిన మోసం, బలం రెండూ ఉన్నాయి. పెళ్లి ఉద్దేశం కాబట్టి 87 కూడా. (లక్ష్మణరేఖ వాల్మీకి రాయలేదు, కాబట్టి గీత దాటిందన్న డిఫెన్సు పనికిరాదు.) రుక్మిణి సంగతి వేరు. ఆమే బ్రాహ్మణుడితో కబురు పంపి రమ్మంది. రుక్మి స్టేషన్‌కి వెళ్లినా ఎస్సై మొదట అడిగేది ఆమె వయసు.

## డాక్టర్ దగ్గర

మా అత్త రిపోర్టు ఫోన్లో తెలుగు చేస్తే "భుజం అపహరణ 70" అని వచ్చింది. ఏందబ్బాయా ఇది?

ఫోన్‌ని తిట్టకండి, షాపు పెట్టిన కొత్తలో నేనూ అలాగే కొట్టాను. ఇందుకూరుపేట నుంచి వచ్చిన పెద్దావిడ కాగితం మీద "కుడి భుజం అపహరణ పరిమితం" అని ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె కొడుకు చదివి, తల్లి భుజం వైపు చూసి, "ఉంది కదా" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు ఆరోజు.

దాని అర్థం: చెయ్యిని ఒంటి పక్క నుంచి పక్కకి పైకి ఎత్తడం. కింద వేలాడే చెయ్యి సున్నా డిగ్రీలు, పక్కకి చాచితే 90, చెవికి ఆనించేలా నిటారుగా ఎత్తితే 180. ఆవిడ చెయ్యి 70 దాకానే లేస్తోందని డాక్టరు రాశారు. ఎత్తడం మొదలుపెట్టేది సుప్రాస్పైనేటస్ అనే చిన్న కండరం, ఆ తర్వాత బరువు మోసేది భుజం మీది డెల్టాయిడ్. పైకి పోయేకొద్దీ వీపు మీది రెక్క ఎముక కూడా తిరుగుతుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఇదీ, చెయ్యి బయటికి తిప్పడమూ బాగా తగ్గుతాయి. జడ వేసుకోలేకపోతున్నా, పై అరలో డబ్బా అందటంలేదు అంటారే, అది ఈ బాధే. షుగరున్నవాళ్లలో ఎక్కువ.

అబ్డక్షన్, అడక్షన్ రెండూ ఒకేలా వినపడుతున్నాయి. డాక్టర్లు ఎలా తేడా పట్టుకుంటారు?

వాళ్లకీ తికమకే. అందుకే "ఏ-బీ-డక్షన్", "ఏ-డీ-డక్షన్" అని అక్షరాలు విడగొట్టి పలుకుతారు. ఏబీ అంటే ఒంటి మధ్య గీత నుంచి దూరంగా, ఏడీ అంటే దగ్గరికి. చీటీలో చేతిరాత అర్థం కాకపోతే ఊహించి వ్యాయామం చేయొద్దు, ఆ ఒక్క అక్షరంతో వ్యాయామం తలకిందులవుతుంది.

వేళ్లకి కూడా అబ్డక్షన్ ఉంటుందా? కంటికి?

ఉంటుంది. చేతి వేళ్లకి మధ్యవేలే గీత. వేళ్లు విప్పార్చితే అబ్డక్షన్, దగ్గరికి చేర్చితే అడక్షన్. కాలి వేళ్లకి మాత్రం రెండో వేలు గీత. బొటనవేలు ఒక తిక్క మనిషి. అరచేతిని ఆకాశం వైపు పెట్టి బొటనవేలిని నిటారుగా పైకి లేపితే అదే దాని అబ్డక్షన్. కన్ను ముక్కు నుంచి దూరంగా, చెవి వైపు తిరగడం కూడా అబ్డక్షనే. ఆ పని చేయించే ఆరో కపాల నాడి పేరే అబ్డ్యూసెన్స్. అది దెబ్బతింటే పక్కకి చూసినప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తుంది.

తుంటి ఆపరేషన్ తర్వాత కాళ్ల మధ్య దిండు కట్టారు. తీసేస్తే ఏమవుతుంది?

డాక్టరు చెప్పేదాకా తీయకండి. దాన్ని అబ్డక్షన్ దిండు అంటారు. కొత్తగా పెట్టిన బంతి గిన్నెలోంచి జారకుండా కాళ్లను ఎడంగా ఉంచుతుంది. నిద్రలో కాలు మీద కాలు వేసుకునే అలవాటున్నవాళ్లకి ఇది మరీ అవసరం.

పసిబిడ్డని చంకన వేసుకుంటే కాళ్లు వంకరపోతాయా?

పోవు. మన అమ్మమ్మలు చంకన వేసుకున్నప్పుడు బిడ్డ కాళ్లు రెండు వైపులా ఎడంగా, మోకాళ్లు వంగి ఉంటాయి చూడండి, ఎదిగే తుంటి కీలుకి ఆ భంగిమ మంచిది. పుట్టుకతో తుంటి కీలు వదులుగా ఉన్న పిల్లలకి డాక్టర్లు వేసే పావ్లిక్ పట్టీ కూడా కాళ్లను అలాగే వంచి, ఎడంగా పట్టి ఉంచుతుంది. కాళ్లు నిటారుగా చాపి గుడ్డలో బిగించి చుట్టడమే తుంటికి మంచిది కాదు.

అబ్డక్టర్ అంటే ఎత్తుకుపోయేవాడా, కండరమా?

రెండూ. "హిప్ అబ్డక్టర్ వీక్" అని ఉంటే తుంటి పక్క కండరం బలహీనంగా ఉందని. ఎవర్నీ అరెస్టు చేయక్కర్లేదు.

## పరీక్షల్లో

లాజిక్‌లో అబ్డక్షన్ అంటే ఏమిటి? గైడులో నాలుగు లైన్లు చదివినా ఎక్కట్లేదు.

రొయ్యల గుంట దగ్గరికి వెళదాం. తెల్లారుజామున రైతు గట్టెక్కాడు. రొయ్యలు నీటి పైకి వచ్చి గట్టు అంచున తిరుగుతున్నాయి. మామూలుగా అడుగున ఉండాల్సినవి. ఎందుకు? రాత్రి ఆక్సిజన్ పడిపోయి ఉంటే ఇలా తేలడం సహజమే. కాబట్టి ఆక్సిజనే పడిపోయి ఉంటుంది. ఇదీ అబ్డక్షన్: వింతగా ఉన్న ఒక సంగతి, అది వింత కాకుండా పోయేలా ఒక కారణం, ఆ కారణమే అయి ఉండొచ్చన్న ఊహ.

రైతు అక్కడితో ఆగడు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగాయేమో వాచ్‌మన్‌ని అడుగుతాడు. ఒక రొయ్యని పట్టి డిప్ప మీద తెల్ల మచ్చలున్నాయేమో చూస్తాడు, వైరస్ అయితే కథ వేరే కాబట్టి. ఆక్సిజన్ కొలిచే మీటరు నీళ్లలో పెడతాడు. ఊహ పుట్టడం వరకే అబ్డక్షన్, తర్వాతదంతా పరీక్షించడం. దీన్ని తర్కంలో మూడో పద్ధతిగా నిలబెట్టినవాడు అమెరికన్ తత్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914). ఇంటిపేరు "పర్స్" అనే పలకాలి, పియర్స్ కాదు.

డిడక్షన్, ఇండక్షన్, అబ్డక్షన్ మూడిటికీ ఒకే ఉదాహరణ చెప్పండి.

పర్స్ 1878లో చిక్కుడు గింజల సంచితో చెప్పాడు. మనం మొలగొలుకుల బియ్యం గోతంతో చెప్పుకుందాం. ఈ గోతంలో అన్నీ మొలగొలుకులే, ఈ గుప్పెడు దీంట్లోంచే తీశాను, కాబట్టి ఇవి మొలగొలుకులు: డిడక్షన్, తప్పడానికి లేదు. గోతంలోంచి పదిసార్లు గుప్పెడు తీశాను, ప్రతిసారీ మొలగొలుకులే, కాబట్టి గోతం మొత్తం అవే: ఇండక్షన్, సాధారణంగా నిజం. నేల మీద గుప్పెడు మొలగొలుకులు పడున్నాయి, పక్కనున్న గోతంలో అవే ఉన్నాయి, కాబట్టి దీంట్లోంచే కారి ఉంటాయి: అబ్డక్షన్. పనిమనిషి చేటలోంచి ఒలికి ఉండొచ్చు కూడా, అందుకే ఇది మూడిట్లో బలహీనం. అయినా ఎలుక కన్నం కోసం గోతం తిప్పి చూడాలన్న ఆలోచన వచ్చింది దీనివల్లే. కొత్త సంగతి పుట్టేది ఇందులోనే అని పర్స్ వాదన, నాకూ అది నిజమేననిపిస్తుంది.

నెట్ సిలబస్‌లో ఉన్న అర్థాపత్తి, ఈ అబ్డక్షన్ ఒకటేనా?

దగ్గరి చుట్టాలు, ఒకటి కాదు. అర్థాపత్తికి పాత ఉదాహరణ: దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు తినడు. అయితే రాత్రి తింటున్నాడన్నమాట. (నెల్లూరు చేపల పులుసే అయ్యుంటుందని మా షాపు కుర్రాడి నమ్మకం.) రెండిట్లోనూ పొసగని సంగతి నుంచి కనిపించని కారణానికి వెళతాం. తేడా నమ్మకంలో ఉంది. మీమాంసకులు (మీమాంస దర్శనం వాళ్లు) అర్థాపత్తిని ప్రమాణంగా, అంటే నిజమైన జ్ఞానం ఇచ్చే దారిగా లెక్కేశారు. అలా తప్ప ఇంకోలా కుదరదు అన్నప్పుడే అది. నైయాయికులు (న్యాయ దర్శనం వాళ్లు) దాన్ని విడిగా ఒప్పుకోక అనుమానంలో, అంటే గుర్తును బట్టి తర్కించి తెలుసుకోవడంలో, కలిపేశారు. పర్స్ అబ్డక్షన్ మాత్రం "అయి ఉండొచ్చు" దగ్గరే ఆగుతుంది. పరీక్షలో ఆప్షన్లు చూసుకుని గీయండి.

సబ్‌డక్షన్ కూడా ఇందులోదేనా?

మాట ఒకే ఇంటిదే, విషయం భూగర్భశాస్త్రానిది. ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరడం. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర అలాంటి చోట భూకంపం వచ్చి పుట్టిన సునామీయే మన తీరానికీ తగిలింది.

## మిగిలినవి

జపాన్ వార్తల్లో "అబ్డక్షన్ ఇష్యూ" అంటారు, ఏమిటది?

1970లు, 80లలో జపాన్ పౌరుల్ని ఉత్తర కొరియా ఏజెంట్లు ఎత్తుకెళ్లిన వ్యవహారం. జపాన్ ప్రభుత్వం 17 మందిని అధికారికంగా గుర్తించింది. 2002లో ఉత్తర కొరియా 13 మంది సంగతి ఒప్పుకుంది, ఆ ఏడాది అక్టోబరులో ఐదుగురు ఇల్లు చేరారు.

ఏలియన్ అబ్డక్షన్ నిజంగా జరిగిందా?

జరిగిందని చెప్పినవాళ్లున్నారు, రుజువు లేదు. బాగా పేరుపడ్డది అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో బెట్టీ, బార్నీ హిల్ దంపతుల కథ. 1961 సెప్టెంబరులో రాత్రి కారులో వస్తుండగా ఆకాశంలో వెలుగు వెంటపడిందన్నారు. తమను లోపలికి తీసుకెళ్లి పరీక్షించారన్న వివరాలు చాలావరకు 1964లో హిప్నాటిజం చేయించుకున్నప్పుడు బయటికొచ్చాయి. వాళ్లకు హిప్నాటిజం చేసిన డాక్టరే అవి నిజంగా జరిగినవని నమ్మలేదు.

ఇలాంటి అనుభవాల్లో కొన్నిటికి సైకాలజిస్టులు చెప్పే కారణం స్లీప్ పెరాలసిస్. మెలకువ వచ్చి ఒళ్లు మాత్రం కదలదు, గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. అక్కడివాళ్లకి ఆ ఆకారం బూడిద రంగు గ్రహాంతరవాసి. మా నాయనమ్మకి చింతచెట్టు దయ్యం. ఆమె దిండు కింద చాకు పెట్టుకుని పడుకునేది, అదొచ్చినప్పుడు చెయ్యి కదిలితేగా తీయడానికి అని మా తాత ఎగతాళి చేసేవాడు.